మూడోసారి కురిసిన వాన

సర్కండా, బిలాస్‌పూర్
30 జూన్ 2024

ఒసే చిన్నమ్మీ,

పోయినేడు విజయనగరం పెళ్ళిలో కనిపించినప్పుడు ఉత్తరం రాస్తానని నువ్వన్నావు. రాయకపోతే చంపేస్తానని నేనన్నాను. ఏడాది తిరిగింది. ఉత్తరం రాలేదు, నిన్నెవరూ చంపలేదు. ఇక నేనే మొదలుపెడుతున్నాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి ఆ పెళ్ళి హడావుడిలో నీకు చెప్పలేదు. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది పోయే దారిలో ఉంది. ఫోను ఎత్తితే ఎవరి గొంతైనా గ్రైండర్లో పప్పు తిరిగినట్టే ఉంటోంది. మా అబ్బాయి రోహన్ సీపత్ కరెంటు ప్లాంటు నుంచి రోజూ ఫోను చేసి ఏదో అడుగుతాడు, నేను "ఆ, తిన్నాను" అంటాను. చాలాసార్లు అది సరైన జవాబే అవుతుంది.

మధ్యాహ్నం కోడలు కోమల పడుకుంటుంది కాబట్టి టీవీ సౌండు పూర్తిగా తీసేసి పాత పాటలు చూస్తాను. అన్నిటిలోకి వాన పాటలంటేనే నాకు ఇష్టమని నీకు తెలుసు. పాట వినబడకుండా చూస్తే ఎన్ని దొంగతనాలు దొరుకుతాయో! వాన వాళ్ళిద్దరి మీదే పడుతుంది. వెనక ఇంటి గోడ ఎండిపోయి ఉంటుంది. జోరు వానలో ఆ అమ్మాయి నీడ నేల మీద నల్లగా కనబడుతుంది, అంటే నెత్తిన ఎండ మండిపోతోందన్నమాట. మొదటి చినుకు పడకముందే రోడ్డు మీద మడుగులు సిద్ధంగా ఉంటాయి. ఇన్ని మోసాలూ పట్టుకున్నాక కూడా, రెండో చరణంలో ఆమె గొడుగు వదిలేసి ముఖం పైకెత్తేసరికి నా కళ్ళు తడిసిపోతాయి.

అసలు పని చెబుతాను. మా మనవరాలు హరిప్రియ తొమ్మిదో తరగతి చదువుతోంది. వినాయక చవితికి మన తెలుగు సంఘం వాళ్ళు పిల్లల చేత డాన్సులు వేయిస్తున్నారు. దీనికి వాన పాటే కావాలట. "నానమ్మా, మీరు స్టేజి మీద సచ్చీ, నిజంగానే తడిసిపోయారా?" అని ఒకటే ప్రశ్న. దానికి నేర్పుదామని లేచి నిలబడ్డాను. కాళ్ళు కదిలాయి గాని ఒకచోట ఆగిపోయాయి. మన చిన్నప్పటి డాన్సులో మీ నాన్న ప్యాంటు తొడుక్కుని హీరో వేషం కట్టింది నువ్వు. గొడుగు కింద నుంచి నన్ను తిప్పేదానివి కదా, ఎడమకా కుడికా? ఆ ఒక్కటీ చెప్పు.

నీ
సౌభాగ్య


పార్వతీపురం
14 జూలై 2024

సౌభాగ్యా,

ఎడమకి. కుడికి తిప్పితే నా బెల్టు నీ జడలో ఇరుక్కునేది. రెండుసార్లు ఇరుక్కుంది కూడా, రిహార్సల్లో నువ్వు పెట్టిన గావుకేకకి ఇంజన్ల షెడ్డులో వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

నా అక్షరాలు చూసి నవ్వకు. పదో తరగతిలో ఆగిపోయిన దస్తూరీ ఇది, ఆ తర్వాత చాకలి పద్దు తప్ప ఏమీ రాయలేదు. నీ చెవుల మాట విని బాధ వేసింది. కాని ఒక లాభముంది. నేను తిడితే నీకు వినబడదు, కాబట్టి రాసి మరీ తిడతాను.

ఆ రోజు నాకు నిన్నటిలాగే ఉంది. 1979 దసరా. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అర్పా నదిలో ఇసుక తప్ప ఏమీ లేదు, మన రైల్వే క్వార్టర్లలో కుళాయి పొద్దున్న ఒక గంట వస్తే గొప్ప. అలాంటప్పుడు స్టేజి మీద వాన కురిపిద్దామని ఎవరికి బుద్ధి పుట్టిందో! మా నాన్నకే. పంపు డ్రైవరు కదా, నీళ్ళన్నీ తన సొంతమనుకునేవాడు. ఇంజన్లకి నీళ్ళు పట్టే టాంకు నుంచి గొట్టం లాగి, స్టేజి మీద అడ్డంగా చిల్లుల గొట్టం కట్టి, పక్కన తెర వెనకాల నీళ్ళు వదిలే ఇనప చక్రం బిగించాడు. "నాలుగు నిమిషాల పాట. నాలుగు నిమిషాల నీల్లే. టాంకు ఓపాలి సూసుకునే ఇత్తన్నాను" అన్నాడు.

ఆ మొదటి ధార పడగానే జనం ఎలా అరిచారో గుర్తుందా? ఆడవాళ్ళు ముందుకు తోసుకొచ్చి స్టేజి అంచున చేతులు చాపారు. పాట అయిపోయాక వన్స్ మోర్ అని ఒకటే గోల. నాన్న మళ్ళీ చక్రం తిప్పాడు. మళ్ళీ ఆడాం. అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ లేను.

తర్వాతది నీకు తెలిసిందే. ఆయన చక్రం కట్టకుండా పోయాడు. జనమంతా స్కూలు వరండాలో పులిహోర తింటున్నారు, ఇక్కడ టాంకు మొత్తం స్టేజి వెనక గుంటలోకి ఖాళీ అయిపోయింది. కట్నీ ప్యాసింజరు ఇంజనుకి నీళ్ళు లేక గంటన్నర నిలబడింది. విచారణకి వచ్చినాయనకి నాన్న నోట్లో సారా వాసన తగిలింది. పండగ పూట రెండు గుక్కలు తాగానని ఆయనే ఒప్పుకున్నాడు. అడివిలో ఉన్న స్టేషనుకి వేసేశారు. అక్కడ హైస్కూలు లేదు. పదిహేడేళ్ళకి నాకు పెళ్ళి చేసేశారు. నీలాగా టీచరమ్మని కావాలనుకున్నాను, నీకు గుర్తుందో లేదో.

టీవీలో వాన పాట వస్తే నేను చానెల్ మార్చేస్తాను.

చిన్నమ్మి


సర్కండా, బిలాస్‌పూర్
29 జూలై 2024

చిన్నమ్మీ,

ఎడమకి తిప్పాం, సరిగ్గా కుదిరింది. హరిప్రియకి హీరోగా ఆడుతున్నది కోనీలో యూనివర్సిటీ క్వార్టర్ల పిల్ల. ఇద్దరూ స్నీకర్లు వేసుకుని ఆడుతున్నారు. నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారే అని అడిగితే నన్ను జాలిగా చూశారు. స్టేజి వెనకాల ఎల్‌ఈడీ తెర పెడతారట, దాని మీద వాన బొమ్మ పడుతుందట. "గీలా నహీఁ హోనా హై, నానమ్మా. మేకప్ పోతుంది" అంది హరిప్రియ. తడవకుండా వాన పాట! ఆకలి లేని పెళ్ళి భోజనం లాగుంది నాకు.

నిన్న కూర్చుని ఆలోచించాను, ఆ పాటల్లో ఏముందని మనం అంత పిచ్చెక్కిపోయాం? కథంతా ఆ పిల్లని ఎవరో ఒకరు కనిపెట్టుకునే ఉంటారు. తండ్రి, అన్న, ఇంటి ఓనరు. వాన మొదలవగానే వాళ్ళంతా చూరు కిందకి పోతారు. వీధిలో ఇద్దరే మిగులుతారు. అప్పుడు ఇక ఎవరి భయమూ ఉండదు, ఇంటికి పోవాలన్న తొందరా ఉండదు. పమిట నెత్తిన వేసుకోవాలన్న ధ్యాస కూడా ఉండదు. క్వార్టర్లలో మనం ఎప్పుడైనా అలా తడిశామా? చినుకు పడితే మా అమ్మ మొదట ఆరేసిన బట్టలు తీసేది, తర్వాత నన్ను లోపలికి లాగేది.

ఇక్కడ వానలు బాగానే ఉన్నాయి. వంతెన మీద ఆటోలు ఆగిపోయేంతగా కురుస్తోంది. మీ నాన్న బంగార్రాజు మావయ్య ఎలా ఉన్నాడు? నీ దగ్గరే ఉంటున్నాడని పెళ్ళిలో చెప్పావు. ఆ రోజు గురించి ఎప్పుడైనా ఏమైనా అంటూ ఉంటాడా?

సౌభాగ్య


పార్వతీపురం
11 ఆగస్టు 2024

సౌభాగ్యా,

నా చదువు గురించి అంత రాస్తే నువ్వు దాని మాటే ఎత్తలేదు. పోనీలే. పాత గాయం, నేనే ఎక్కువ గోకాను.

నాన్నకి ఎనభై మూడు. గుండె నీరసించిపోయింది. ఈ చలికాలం దాటితే గొప్పే అన్నాడు డాక్టరు. తిండి తగ్గింది, ఒక్క పని మాత్రం మానలేదు. రోజుకి పదిసార్లు లేచి ఇంట్లో కుళాయిలన్నీ చూసి వస్తాడు. వంటింట్లోది, స్నానాల గదిలోది, పెరట్లోది. చేత్తో బిగించి, చెవి ఆనించి విని, మళ్ళీ బిగిస్తాడు. ఇది ఇప్పటి చాదస్తం కాదు. అడివి స్టేషనుకి వెళ్ళిన మొదటి వారం నుంచీ ఇంతే. సారా కూడా ఆ రోజుతోనే మానేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

మొన్న పెరట్లో కాలు జారి పడబోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"కట్టీసే ఉంది కదా నాన్నా! ఎన్నిపాల్లు సూస్తావు?" అన్నాను.

"ఒకపాలి సూస్తే ఏటి పోయిందమ్మా" అన్నాడు. గడప మీద కూర్చుని తన చేతుల్ని చూసుకున్నాడు. "ఆ పాలీ కట్టీసినాననే అనుకున్నాను. సెయ్యికి గుర్తే, సక్రం బిగిసినట్టు. ఆల్లు లేదన్నారు. నాను తాగున్నాను మరి. ఎవులి మాట నమ్మాల?"

"తాగినోడికి సెయ్యి గుర్తేటి, కాలు గుర్తేటి" అన్నాను నేను. లేచి వంటింట్లో కుళాయి చూడటానికి పోయాడు. ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పడు.

నువ్వడిగావు కాబట్టి రాశాను. ఆ రోజు గురించి ఆయన అనేది ఇంతే.

చిన్నమ్మి


సర్కండా, బిలాస్‌పూర్
16 సెప్టెంబరు 2024

చిన్నమ్మీ,

నీ ఉత్తరం అంది నెల దాటింది. రోజూ జవాబు మొదలుపెట్టి చించేస్తున్నాను. ఇది చించను.

చవితి పందిట్లో హరిప్రియ బాగా ఆడింది. తెర మీద వాన పడుతుంటే పొడి బట్టలతో చక్కగా తిరిగింది. చప్పట్లు నాకు వినబడలేదు గాని చేతులు కదలడం చూశాను. దిగి వచ్చి నన్ను కౌగిలించుకుని, "మీ అప్పుడు ఎలా జరిగింది, మొత్తం చెప్పండి, బతావోనా" అని అడిగింది. కళ్ళు తిరుగుతున్నాయని అబద్ధం చెప్పి ఇంటికి వచ్చేశాను. దానికి చెప్పే ముందు నీకు చెప్పాలి.

మీ నాన్న చక్రం కట్టేశాడు. రెండుసార్లూ కట్టేశాడు. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. రెండోసారి రెండు చేతులతో బిగించి, కింద చెయ్యి పెట్టి చుక్క పడటం లేదని చూసుకుని, అప్పుడే వరండా వైపు వెళ్ళాడు.

తెరిచింది నేను.

అందరూ పులిహోరకి వరస కట్టారు. నువ్వు ప్యాంటు మార్చుకోవడానికి వెళ్ళావు. పొద్దు వాలుతోంది. స్టేజి మీద ఎవరూ లేరు. ఆడినంతసేపూ నేను వానని చూడనే లేదు చిన్నమ్మీ. అడుగులు లెక్కపెట్టుకోవడం, పిన్నులు ఊడకుండా చూసుకోవడం, మొదటి వరసలో కూర్చున్న మా నాన్న ముఖం చూసుకోవడం, దీంతోనే సరిపోయింది. పాటలో అమ్మాయికి ఉండేది ఏదో నాకు దొరకలేదనిపించింది. ఒక్క నిమిషం కావాలనుకున్నాను. చక్రం తిప్పాను.

అడుగులేమీ వెయ్యలేదు. ఊరికే నిలబడ్డాను, తర్వాత గిరగిరా తిరిగాను. నవ్వాను. నోరు తెరిచి నీళ్ళు తాగాను. నా జీవితంలో ఎవరూ చూడకుండా నేను చేసిన ఒకే ఒక్క పని అది.

అంతలో మా అమ్మ కేక వినబడింది. అప్పుడు చెవులు బాగుండేవి. నన్ను ఆ బట్టల్లో చూస్తే చంపేస్తుందని గోడ పక్క నుంచి ఇంటికి పరిగెత్తాను. బట్టలు మార్చుకుని వచ్చి చక్రం కడదామనే అనుకున్నాను. అమ్మ నాకన్నా ముందు గుమ్మంలో ఉంది. "ఒక్కదానివే అక్కడేటి సేస్తన్నావు? ఎవుడున్నాడు నీతోటి?" అని చెంప పగలగొట్టింది. గదిలో పెట్టి గడియ వేసింది. కాసేపటికి స్టేషన్లో ఇంజను కూత పెట్టడం మొదలుపెట్టింది. ఆగి ఆగి కూసింది. ఎందుకో నాకు తెలిసింది. గదిలోంచి అరిచి చెప్పాను, టాంకు ఖాళీ అయిపోతోందని. అమ్మ తలుపు తీసి నా నోరు మూసింది. "బంగార్రాజుకి ఉజ్జోగం పోదు, బదిలీ అవుతాది. నీకు పేరు పోతే మళ్ళీ రాదు. తడిసిన కోకతో ఒక్కర్తివీ ఏటి సేస్తన్నావంటే ఏటి సెప్తావు?" అంది.

అమ్మ మీదకి నెట్టేయడానికి ఇది రాయలేదు. అప్పుడు నాకు పదహారు, సరే. ఆ తర్వాత ఇరవై వచ్చాయి, నలభై వచ్చాయి, అరవై కూడా వచ్చాయి. అమ్మ పోయి ఇరవై రెండేళ్ళయింది. నా నోరు ఎవరూ మూయలేదు. నీ చదువు ఆగిపోయిందని విన్నప్పుడు నేను ట్రైనింగులో ఉన్నాను. నీకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను, అన్నిట్లోనూ కుశల ప్రశ్నలే. బదిలీ అయితే ఏముంది, మావయ్యకి నిజం తెలుసు కదా, తన తప్పు లేదని తనకి తెలుసు కదా అని నన్ను నేను జోకొట్టుకున్నాను. ఆయన తన చేతుల్నే నమ్మడం మానేశాడని నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు.

సిగ్గుగా ఉంది. అంతకన్నా పెద్ద మాట నా దగ్గర లేదు.

ఈ ఉత్తరం మావయ్యకి చదివి వినిపించు. నన్ను ఏం చేసినా పడతాను. ఆయనకి మాత్రం తెలియాలి.

సౌభాగ్య


సర్కండా, బిలాస్‌పూర్
21 అక్టోబరు 2024

చిన్నమ్మీ,

అయిదు వారాలయింది. ఉత్తరం అందలేదేమో అనుకుంటే నాకు హాయిగానే ఉంటుంది, కాని స్పీడ్ పోస్టులో పంపాను, నీ సంతకంతో అందినట్టు రోహన్ చూసి చెప్పాడు. నువ్వు నాకు జవాబు రాయక్కర్లేదు. మావయ్యకి చదివావా? అది ఒక్కటే అడుగుతున్నాను. చలి మొదలవుతోంది. నువ్వు చదవకపోతే చెప్పు, నేనే వచ్చి ఆయన ముందు కూర్చుని చెబుతాను.

హరిప్రియకి చెప్పేశాను. మొదట నమ్మలేదు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "ఆ తాతయ్యకి సారీ చెప్పారా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

సౌభాగ్య


పార్వతీపురం
10 నవంబరు 2024

సౌభాగ్యా,

ఉత్తరం అందిన రోజే చదివాను. యాభై రోజులు బియ్యం డబ్బాలో దాచాను. నీ మీద కోపంతో దాచాననుకుంటావేమో. కోపం ఉంది, చాలా ఉంది, ఎంతుందో రాయడానికి నా చదువు చాలదు. దాచింది మాత్రం దానికి కాదు.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. నా పెళ్ళికి నువ్వు రాలేదు, పరీక్షలన్నావు. నా పెళ్ళిలో కన్యాదానం చేసింది మా నాన్న కాదు, బాబాయి. తాగుబోతు చేత్తో నన్ను ధారపోయనివ్వను, ఆయన పీటల మీద కూర్చుంటే నేను లేచి వెళ్ళిపోతానని అందరి ముందూ అన్నాను. పదిహేడేళ్ళు నాకు. నాన్న కండువా తీసి తమ్ముడి భుజం మీద వేసి, వంటల దగ్గరికి వెళ్ళి నీళ్ళు మోశాడు. ఇప్పుడు నీ ఉత్తరం ఆయనకి చదివితే నేనేం చేశానో కూడా తేలిపోతుంది. అందుకే చదవలేకపోయాను. నువ్వు నలభై అయిదేళ్ళు దాక్కున్నావని తిడదామని కాగితం తీశాను, నేను యాభై రోజులుగా అదే పని చేస్తున్నానని అప్పుడు తెలిసింది.

నిన్న మధ్యాహ్నం ఎండలో మంచం వేసి కూర్చోబెట్టి చదివాను. "తెరిచింది నేను" దగ్గరికి వచ్చేసరికి ఆయనే ఆపాడు.

"కట్టీసినానా?" అన్నాడు.

"కట్టీసావు నాన్నా."

"రెండుపాల్లూ?"

"రెండుపాల్లూ."

కండువా ముఖం మీద కప్పుకున్నాడు. మనిషి కదిలిపోయేలా ఏడ్చాడు సౌభాగ్యా. ఆయన ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు, అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. నేను కాళ్ళ మీద పడ్డాను. నా పెళ్ళి మాట ఎత్తబోతే తల మీద చెయ్యి పెట్టి, "నీకేటి తెలుసమ్మా అప్పుడు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అననివ్వలేదు. నాకు శిక్ష వేసినా బాగుండేది.

సాయంత్రం కాఫీ తాగుతూ ఆయనే అడిగాడు, "అయితే ఆ గుంట ఒక్కర్తే ఆడిందేటి? ఎవులూ సూడలేదా?" అని.

లేదన్నాను.

"అయ్యో" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "రమ్మనమ్మా దాన్ని. సిన్న పిల్ల. ఎంత బయపడిపోయుంటాదో" అన్నాడు.

నీకు అరవై ఒకటని చెప్పాను. ఆయన బుర్రకి ఎక్కలేదు.

ఆయన అంత మంచిదాన్ని కాను నేను. నా చదువు, నా పెళ్ళి, నాన్న మీద నేను విసిరిన మాటలు, ఇవన్నీ నీ ఒక్కదాని మీద వెయ్యలేనని తెలుసు. అయినా పొద్దున్న లేస్తే నీ మీదే వేస్తున్నాను. ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేను.

కాని వచ్చెయ్. లింక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారాక ఇక్కడ దిగుతావు. స్టేషనుకి నేను రాను. బెలగాం రామమందిరం వెనక వీధి, నీలం గేటు అని ఆటో అతనికి చెప్పు. ఆలస్యం చెయ్యకు, నిన్నటి నుంచి గేటు చప్పుడైతే తల ఎత్తి చూస్తున్నాడు. నేను నీతో మాట్లాడకపోవచ్చు. అన్నం మాత్రం ముగ్గురికీ వండుతాను.

చిన్నమ్మి